మా వదిన నింపిన తూటాలు

మా పెద్దవదిన పోయిన సంగతి నాకు కావలి బస్సు కండక్టరు చెప్పాడు. నేను రోడ్డు పక్క చేలో వేరుశనగ పీకిస్తున్నాను. అక్కడ స్టాపు లేకపోయినా బస్సు ఆపించి, మెట్టు మీది నుంచి ఒంగి, "మీ వదినె తెల్లారి ఆరింటికి పోయిందన్నా, ఆసుపత్రిలో. బండి తీసుకొని రమ్మన్నాడు మీ అన్న కొడుకు" అని చెప్పి వెళ్ళిపోయాడు. కూలీలు నా మొహం చూశారు. పని ఆపమనడానికి నాకు నోరు రాలేదు. ఆమే ఉంటే ఆపనిచ్చేది కాదు. పీకిన మొక్కలు కట్టలు కట్టించి కళ్ళానికి చేర్చి, అప్పుడు బండి కట్టాను.

ఇది జరిగి పది రోజులైంది. మొన్న ప్రార్థన కూడికలో పాస్టరుగారు ఆమె గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ఓర్పు అన్నారు, భక్తి అన్నారు. అన్నీ నిజమే. కాని ఆమె తుపాకీ తూటాలు నింపేదన్న సంగతి ఆయన చెప్పలేదు. ఆయన మా ఊరికి కొత్త, తెలియదు. తెలిసినవాళ్ళు దేవుని మందిరంలో ఆ మాట ఎందుకులే అనుకున్నారు. నాకు మాత్రం ఆమె ఓర్పు అంటే ఆ పనిలో చూసిందే. అందుకని రాస్తున్నాను.

మాది కావలికి తూర్పున, ఉప్పుటేటికి ఇవతల ఉన్న ఊరు. ఇసుక నేల. వేరుశనగ, కాస్త రాగి, గట్ల వెంబడి సరుగుడు. సరుగుడు తోటలు పెరిగాక అడవిపందులకు నీడ దొరికింది. వేరుశనగ ఊడలు దిగినప్పటి నుంచి కాయ ఇంటికి చేరేదాకా వాటితో మాకు తగువు. పంట కాపలా కోసమని లైసెన్సు తీసుకొని మా అన్న ఒక ఒంటిగొట్టం తుపాకీ కొన్నాడు. ఎప్పటికప్పుడు కొత్త తూటాలు కొనే తాహతు మాకు లేదు. ఇత్తడి గుల్లలు కొనుక్కుని, కాల్చిన గుల్లనే మళ్ళీ మళ్ళీ నింపుకోవాలి. కింద నిప్పు పుట్టించే కేపు, దాని మీద మందు, ఒక అట్టబిళ్ళ, సీసపు గుండ్లు, పైన ఇంకో బిళ్ళ, చివర తేనెమైనం. చెప్పడానికి ఇంతే. మా అన్నకు అంత కూర్చునే ఓపిక లేదు. పెళ్ళైన రెండో ఏడే ఆ పని వదిన చేతికి వచ్చింది.

ఆ పని పెట్టుకున్న రోజు పొయ్యి వెలిగేది కాదు. పిల్లలకు ముందు రోజు అన్నమే. పొయ్యిలో బూడిద మీద కూడా నీళ్ళు చల్లి, వాకిట్లో తడి గోనె పరిచి, గాజులు తీసి గూట్లో పెట్టి కూర్చునేది. పక్కింటి చినబాబాయి నోట్లో బీడీ లేకుండా ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఆయన గుమ్మం దగ్గరికి వస్తే చాలు, తల ఎత్తకుండానే, "బాబాయా, ఆ బీడీ వీధిలో పారేసి రా. లేకుంటే మనిద్దరం కలిసే పోతాం పైకి. నువ్వు యాడికి పోతావో నాకు తెలుసు, నీతో నేను రాను" అనేది. ఆయన బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుంటే ఒప్పుకునేది కాదు. చెవి మీది బీడీ కూడా వీధిలోకే.

నింపిన ప్రతి తూటానూ చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసేది. లోపల ఏదైనా కదిలిన చప్పుడు వస్తే ఇప్పి మళ్ళీ నింపేది. గుల్ల మీద సూదితో ఆ ఏడాది గుర్తు గీసేది. తూటా చేతికిచ్చేటప్పుడు అది ఎప్పుడు నింపింది, ఎంత దూరానికి పనికొస్తుంది చెప్పి మరీ ఇచ్చేది. "అది నోరు లేనిది. నింపినోళ్ళే చెప్పాల" అనేది. ఆదివారం మాత్రం మందూ గుండ్లూ దాచే ఆ పెట్టె ముట్టుకునేది కాదు.

మా అన్న విషజ్వరంతో పోయాడు. లైసెన్సు నా పేరుకు మారడానికి కలెక్టరాఫీసు చుట్టూ ఏడాది తిరిగాను. తుపాకీ నా భుజానికి వచ్చింది, తూటాలు మాత్రం వదిన చేతిలోనే ఉన్నాయి. అప్పటికి చుట్టుపక్కల మూడు ఊళ్ళలో తుపాకీ ఉన్నవాళ్ళంతా గుల్లలు ఆమె దగ్గరికే పంపేవాళ్ళు. మగదిక్కు పోయిన ఇంట్లో ఇద్దరు పిల్లల్ని పెట్టుకున్న ఆమెకు నలుగురిలో నిలబడే చోటు అదొక్కటే.

ఇప్పుడు చెప్పబోయేది అన్న పోయిన మూడో ఏట జరిగింది. ఆయన తెచ్చిన పెద్ద మందు డబ్బా అడుగంటింది. అది ఐదు వానాకాలాలు చూసిన డబ్బా. ఉప్పుగాలికి మూత చుట్టూ తుప్పు పట్టి, మందు గడ్డలు కట్టింది. ఆ మందుతో కాలిస్తే పంది ఒక్కసారి ఉలిక్కిపడి, గాయంతోనే తోటలోకి పోయేది. నేను నెల్లూరు పోయి, అన్న తెచ్చిన కొట్లోనే, అదే రకం మందు కొత్త డబ్బా తెచ్చాను. వదిన వాసన చూసి, వేళ్ళ మధ్య నలిపి, "బాగుండాది" అంది. ఆ వారంలోనే ఏటి అవతలి ఊరి పంచాయతీ ప్రెసిడెంటుకు పన్నెండు, నాకు ఇరవై నింపింది. ప్రెసిడెంటు తూటాల్లో పాత డబ్బా అడుగున మిగిలింది కొంత, కొత్త డబ్బాలోది కొంత పడింది. నావన్నీ కొత్త మందువే.

ఆ తూటాల్లో మొదటిది నేను ఒక మునిమాపు వేళ కాల్చాను. పంది పడింది. నేనూ గట్టు కిందకు పడ్డాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. రెండు ఎకరాల కౌలు చేను నాది. కాయ ముదిరి ఉంది, ఇంకో పది రోజులు కాస్తే చాలు. తుపాకీ తన్నిందంటే వదిన తూటాలు వెనక్కి తీసుకుంటుందని నాకు తెలుసు.

మర్నాడు నేను బావి దగ్గర ఎడమచేత్తో చేద లాగుతుంటే ఆమె కంట పడ్డాను.

"ఏం అబ్బయా, ఎడమచేతి వాటం ఎప్పుడొచ్చింది?"

"ఊరికే, వదినా."

"చొక్కా ఇప్పు."

"నీళ్ళు తోడుకోనీ."

"ఇప్పమన్నానా!"

భుజం మీద అరచేతి మేర వంకాయ రంగు కమిలి ఉంది. ఆమె వేలితో నొక్కింది. నేను పళ్ళు కరుచుకున్నాను.

"ఎన్ని కాల్చినావు?"

"ఒకటే. పంది పడింది వదినా, ఒక్క దెబ్బకి! మంచిదే గదా, మందు జోరుగా ఉండాది."

"జోరు ఎంతో తెలిస్తే మంచిది. తెలీకుంటే మంచిది కాదు" అంది. "పోయి మిగతావి పట్రా. ఒక్కటి కూడా దాచబాక."

చినబాబాయి గోడ మీది నుంచి విని, నెల్లూరు కొట్టువాడు మందులో ఏదో కలిపాడని తేల్చేశాడు. మధ్యాహ్నానికి ఊరంతా అదే మాట. వదిన అవునని అనలేదు, కాదని అనలేదు. "కాల్చి చూస్తే తెలస్తాది" అంది.

అది శనివారం. ఊరి వెనక ఇసుక దిబ్బ దగ్గర ఒక పాత తలుపు చెక్క పరిచి, దాని మీద తుపాకీ తాళ్ళతో బిగించాం. మీటకు పొడుగాటి పగ్గం కట్టి, ఇసుక గట్టు వెనక కూర్చుని లాగాలి. కొత్త డబ్బా విప్పితే మొదటి కాల్పు మనిషి భుజం మీద జరగకూడదన్నది మా అన్న పెట్టిన పద్ధతి. ఆయన పోయాక డబ్బా మారింది ఇదే మొదలు. తొందరలో ఆ పద్ధతి నేను మర్చిపోయాను, ఆమె కూడా మర్చిపోయింది. ముప్పై అడుగుల దూరంలో పొట్లాల కోసం తెచ్చిన పాత పేపర్ల కట్ట కట్టాం. గుండు ఎన్ని కాగితాలు దాటితే అంత బలం. చెక్క ఇసుకలో ఎంత వెనక్కి జారితే అంత తన్ను.

ముందు పోయినేటి తూటా కాల్చాం, అంతా పాత మందు. వదిన కాగితాలు ఒక్కొక్కటే తిప్పి లెక్కపెట్టింది. పద్దెనిమిది. చెక్క కదిలీ కదలనట్టు కదిలింది. తర్వాత నా కొత్త తూటా. చెక్క జానెడున్నర వెనక్కి వచ్చి తాడు తెంపుకుంది. కాగితాలు ముప్పై నాలుగు.

"చూసినావా, కొట్టోడి పనే" అన్నాను.

ఆమె ఇంటికి పోయి, పెట్టె అడుగు నుంచి అన్న కాలంలో నింపిన తూటాలు రెండు తెచ్చింది. పాత డబ్బా కొత్తగా ఉన్నప్పుడు నింపినవి. మైనం చెక్కుచెదరలేదు. ఒకటి కాల్చాం. ఇరవై ఆరు కాగితాలు. చెక్క నాలుగు వేళ్ళు జారింది.

వదిన మూడు లెక్కలూ ఇసుకలో వేలితో గీసింది. తర్వాత నన్ను అడిగింది. "ఒకటే కొట్టు, ఒకటే రకం. మీయన్న తెచ్చింది కొత్తగా ఉన్నప్పుడు ఇరవై ఆరు. ఇది కొత్తగా ఉన్నప్పుడు ముప్పై నాలుగు. ఎందుకట్టా?"

"ఏదో కలిపుంటాడు."

"కలిపినోడు బలం తగ్గిస్తాడు గాని పెంచుతాడా?"

కంసాలి ఇంటికి పోయి త్రాసు, గుప్పెడు గురువింద గింజలు అడిగి తెచ్చింది. అన్న కాలం నాటి రెండో తూటా ఇప్పి, మందు ఒక తట్టలో పోసి, రెండో తట్టలో గింజలు వేసింది. తర్వాత నా తూటా ఒకటి ఇప్పి తూచింది. తట్ట దిగిపోయింది. గింజలు ఒక్కొక్కటే వేస్తూ పోయింది. తొమ్మిది గింజలు ఎక్కువ పట్టాయి. ఇంకోటి ఇప్పింది. ఎనిమిది. మరొకటి. పది.

"మందులో తప్పు లేదబ్బయా" అంది. "తప్పు నా చేతిలో ఉండాది."

అప్పుడు చెప్పింది. మొదట్లో మందు పోసే చిన్న ఇత్తడి కొలత నింపి, పైన ఈనె పుల్లతో గీసి, సమం చేసి పోసేది. వానాకాలం దాటేకొద్దీ పాత మందు మెత్తబడింది. పంది తప్పించుకుందని ఎవరైనా అన్నప్పుడల్లా ఒక చిటికెడు ఎక్కువ వేసింది. ఏటా ఒక చిటికెడు. గీయడం ఎప్పుడు మానేసిందో, కొలత మీద గోపురంలా పోయడం ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే గుర్తు లేదు. పాత మందుకు అది సరిపోయింది. కొత్త మందును కూడా అదే చేత్తో పోసింది.

"ఐదేళ్ళుగా మందు చచ్చిపోతా వచ్చింది, నా చెయ్యి లేస్తా వచ్చింది. నేను చూసుకోలా" అంది. అంతే. ఏడవలేదు, తల బాదుకోలేదు. త్రాసు గుడ్డలో చుట్టి లేచింది. "ప్రెసిడెంటు కాడ పన్నెండు ఉండాయి. ఆయన తుపాకి మనదానికన్నా పాతది, గొట్టం పలచన. పద."

"ఇప్పుడా? సోమవారం కబురు పంపుదాం."

"రేపు ఆదివారం, తోపులో పందుల ఏటకి పోతారు వాళ్ళు."

"నా చేను సంగతేంది వదినా? నా తూటాలన్నీ నువ్వే తీసుకున్నావు. ఈ రాత్రికి నేను చేత్తో తోలాల్నా పందుల్ని?"

"తోలు. డప్పు కొట్టు, డబ్బా కొట్టు. నీ చేను నాకు తెలీదా? పోతే కాయలు పోతాయి. అక్కడ పోయేది కాయలు కాదు."

నాకు కోపం వచ్చింది. ఆమె అప్పటికే చెప్పులు చేత పట్టుకుని దిబ్బ దిగుతోంది. వెంట పోక తప్పలేదు. ఏట్లో నీళ్ళు రొమ్ముల దాకా ఉన్నాయి. పడవవాడు అవతల ఉన్నాడు, కేకేసినా వినిపించుకోలేదు. ఆమె చీర గోచీ పోసుకుని దిగింది.

ప్రెసిడెంటు అరుగు మీద నలుగురితో కూర్చుని ఉన్నాడు. తడి బట్టలతో వచ్చిన ఆమెను చూసి లేచాడు.

"ఏందమ్మా ఇది, కబురంపితే పడవ పంపేవాణ్ణి గదా!"

"నేనిచ్చిన తూటాలు ఎనక్కి ఇచ్చేయండి ప్రెసిడెంటుగారా. మందు ఎక్కువ పోసినా. తప్పు నాది."

"తప్పేంది? భలే కొడతా ఉండాయి! నిన్న రెండు కాల్చినా. తుపాకి అంటే అట్టా తన్నాల, మగోడికి తెలియాల పట్టుకున్నట్టు."

అరుగు మీదివాళ్ళు నవ్వారు. ఒకడు, "ఆడోళ్ళ చేతి వంట గదన్నా, కారం ఎక్కువైంటది" అన్నాడు.

"కారం ఎక్కువైతే నీళ్ళు తాగొచ్చు నాయనా" అంది వదిన. "గొట్టం పగిలితే ఏం తాగుతావు?"

నవ్వు ఆగింది. ప్రెసిడెంటు గొంతు తగ్గించాడు. మంచికే చెబుతున్నట్టు చెప్పాడు. "చూడమ్మా, ఇందరి ముందర తప్పు పోసినానంటే రేపు నీకు గుల్లలెవరిస్తారు? ఊరుకో. నేనేదో చూసుకుంటా."

"ఇయ్యకుంటే మాననీండి. నేనిచ్చినవి మాత్రం నాకు కావాల." ఆ మాట అని అరుగు మెట్టు మీద కూర్చుంది. చీర నుంచి నీళ్ళు కారి మెట్టంతా తడిసింది. ఆయన కాఫీ తెప్పించాడు, తాగలేదు. ఎండిన చీర తెప్పించాడు, తీసుకోలేదు. కాసేపు చూసి ఆయన లోపలికి పోయి తూటాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తొమ్మిది.

"రెండు కాల్చినారు. ఇంకోటి?"

"మా తమ్ముడు తుపాకిలో పెట్టుకొని తోపులోకి పోయినాడు. వస్తాడులే."

ఆమె ఆ మాట పూర్తిగా వినలేదు, లేచింది. సరుగుడు తోపులో మంచె మీద ఆ తమ్ముడు తుపాకీ మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపి, మాట్లాడవద్దన్నట్టు సైగ చేశాడు.

"తుపాకి ఇప్పి దిగు నాయనా" అంది వదిన గట్టిగా.

"అబ్బా! పందులు కదిలే యాళకి వచ్చినావే అక్కా. ఒక్క గడియ ఆగు."

"ఆగను. నువ్వు దిగిందాకా ఈ మంచె కిందనే నిలబడతా. పేలితే ఇద్దరికీ తగలనీ."

వాడు మమ్మల్నీ పందుల్నీ కలిపి తిట్టుకుంటూ తుపాకీ మడిచి, తూటా తీసి కిందకు దిగాడు. ఆమె ఆ తూటా తీసుకుని చెవి దగ్గర పెట్టుకోలేదు. కొంగులో ఉన్న తొమ్మిదితో కలిపి ముడి వేసింది.

ఆ తుపాకీ గొట్టం నేను తడిమి చూశాను. ఉబ్బు లేదు, బీట లేదు. అది ఇంకో వంద కాల్పులకు నిలిచేదేమో, ఆ సాయంత్రమే పగిలేదేమో, ఎవరికీ తెలియదు. ఏమీ జరగలేదు కాబట్టి ఏడాది పాటు ఆ అరుగు మీద అది నవ్వుల కథే అయింది. ఆ రాత్రి నా చేలో పందులు అర ఎకరం తవ్విపోయాయి. డబ్బాలు కొట్టి నా చేతులు బొబ్బలెక్కాయి. వారం రోజులు నేను ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమె కూడా బతిమాలలేదు. కంసాలి దగ్గర కూర్చుని కొలత అంచు ఆకురాయితో అరగదీయించి, కొత్త మందు ఒక్కోసారి కాస్త తగ్గించి పోసి, తలుపు చెక్క మీద కాల్చి, కాగితాలు లెక్కపెట్టి, ఇరవై ఆరు వచ్చేదాకా ఆగింది. ఆ తర్వాతే నాకు తూటాలిచ్చింది. అప్పటి నుంచి ప్రతి వానాకాలం తర్వాతా ఆ పరీక్ష జరిగింది. పాత మందు బలం తగ్గిందని తేలితే చిటికెడు కలిపేది కాదు, డబ్బా మార్పించేది. రెండేళ్ళు అవతలి ఊరి గుల్లలు మా ఇంటికి రాలేదు. మూడో ఏట ప్రెసిడెంటు తానే పడవలో తెచ్చి ఇచ్చాడు. ఆమె గుల్లలు లెక్కపెట్టుకుని, ఎప్పటికి కావాలని మాత్రమే అడిగింది.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ శనివారం మేము ఏరు దాటి ఇవతలి గట్టుకు వచ్చేసరికి పొద్దు సరుగుడు చెట్ల మీదికి దిగింది. పాటు మొదలై నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. ఇంటికి పోదాం రమ్మన్నాను. ఆమె తడి ఇసుకలో కూర్చుని కొంగు ముడి విప్పింది. తల నుంచి పిన్ను తీసి, ఒక్కో తూటా మైనం లేపి, గుండ్లు ఒడిలో పోసుకుంది.

"మందు ఇంటికి తీసుకుపోదాం వదినా, ఎండబెడితే పనికొస్తాది" అన్నాను.

"ఇందులో పాతదెంతో కొత్తదెంతో నాకే తెలీదు" అంది. "తెలీనిది ఇంగ డబ్బాలోకి పోదు."

పది తూటాల మందూ ఏట్లో ఒంపింది. ప్రతి గుల్లనూ నీళ్ళలో ముంచి, వేలు పెట్టి తిప్పి కడిగింది. నల్లటి పొడి కాసేపు నీళ్ళ మీద తేలి, చాపలా పరుచుకుని, మెల్లగా కదిలింది. ఒడ్డు దగ్గర చిన్న చేపపిల్లలు తినేదేమోనని పైకి వచ్చి, మూతి పెట్టి, చెదిరిపోయాయి. ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆ నలుపు ఏటి మలుపు దాటిపోయేదాకా అక్కడే కూర్చుని చూసింది.